గీజర్, జనరేటర్, కుంపటి: వాసన రాని విషవాయువుతో జాగ్రత్త

గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపలే ఉంటే ముందు దాన్ని బయటికి మార్పించండి. తలుపేసిన చిన్న గదిలో గీజర్ మంట అక్కడి ఆక్సిజన్‌నే వాడేస్తుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే అందులో వాసన కోసమే ఒక రసాయనం కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒంట్లో సత్తువ పోయి, గడియ తీసే ఓపిక కూడా లేక లోపలే పడిపోతారు.

గీజర్, సిలిండర్ రెండూ బయటి గోడకు, గాలి ఆడే చోట, బాత్‌రూమ్ కిటికీకి దూరంగా ఉండాలి. లోపలికి వేడినీళ్ల పైపు ఒక్కటే రావాలి. అద్దాలు బిగించి మూసేసిన వాష్ ఏరియా ఇంటి లోపలి కిందే లెక్క. మార్పించేదాకా తలుపు బార్లా తీసిపెట్టి బకెట్లు నింపుకోండి, గీజర్ ఆపండి, గాలి ఆడాకే స్నానానికి వెళ్లండి. మంట పసుపుగా ఉన్నా, మసి పట్టినా బర్నర్ శుభ్రం చేయించేదాకా వాడకండి. మంట నీలంగా ఉంది కదా అని గదిలో పెట్టుకోవడం మాత్రం తప్పే.

జనరేటర్ ముప్పు తుఫాను రోజుల్లో ఎక్కువ. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు వాన పడుతోందని జనరేటర్‌ను వరండాలోకో, సెల్లార్‌లోకో లాగుతారు. కిటికీలు తీసినా ఆ పొగకు చాలదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టి, సైలెన్సర్‌ను మీ కిటికీల వైపు, పక్కింటి వైపు కాకుండా తిప్పండి. తడవకుండా పైన రేకు వేయండి, చుట్టూ మాత్రం మూయొద్దు. అంత దూరం కరెంటు తేవడానికి, 2 కేవీఏ లోపు జనరేటర్‌కి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ సరిపోతుంది.

అరకు, లంబసింగి చలికి పడకగదిలో కుంపటి పెట్టుకుంటే, పొగ లేని ఎర్రటి నిప్పులే ఎక్కువ ప్రమాదం. బూడిద కప్పినా లోపల రగులుతూనే ఉంటాయి. పడుకునే ముందు కుంపటి బయట ఉండాల్సిందే.

జ్వరం లేకుండా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు వస్తే వెంటనే అందరినీ బయటికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను నమ్మొద్దు: కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి 98 చూపించగలదు. ఇంట్లో ఏం మండిందో డాక్టరుకు చెప్పండి. అప్పుడే సరైన రక్తపరీక్ష చేసి, మాస్కుతో ఆక్సిజన్ పెడతారు.

పడకగది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. వంటగ్యాస్ లీకేజీ అలారం దీన్ని పసిగట్టదు. వెనక ముద్రించిన గడువు దాటితే, టెస్ట్ బటన్ నొక్కినప్పుడు మోగుతున్నా మార్చేయాలి: సాధారణంగా ఆ బటన్‌తో తెలిసేది బ్యాటరీ, బజర్ పనిచేస్తున్నాయనే. లోపలి సెన్సర్ సంగతి దానితో తేలదు.