12 తీగల గిటార్‌లో ఎప్పుడూ తెగే ఆ ఒక్క తీగ

12 తీగల గిటార్ ఉన్నవాళ్లకు తెలిసిందే, మూడో జతలో సన్నగా ఉండే జి తీగ టప్పున తెగుతుంది. అది పక్కనున్న లావు జి కంటే ఒక స్థాయి పైన పలకాలి, అందుకే అంత బిగువు. దానికోసం నేను ప్రతిసారీ సెట్టు మొత్తం కొనేవాణ్ణి, మిగతా పదకొండు బాగానే ఉన్నా.

ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ మొదటి తీగ, 0.009 అంగుళాలది, విడిగా నాలుగు తెచ్చి పెట్టుకుంటున్నాను. మామూలు ఉక్కు తీగే, చివర చిన్న ఇత్తడి పూస ఉన్నది అడగండి. మీ పాత సెట్టు అట్ట మీద 0.008 అని ఉంటే అదే తీసుకోండి.

బిగించాక గిటార్ మొత్తాన్ని ఒక స్వరం తగ్గించి, అంటే ఇ బదులు డి నుంచి, శ్రుతి చేయండి. రెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత) దగ్గర కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, పెడితే మళ్లీ మామూలు శ్రుతే. నాకు తెగడం బాగా తగ్గింది, గిటార్ మెడ మీద భారం కూడా తగ్గుతుంది.

ప్రతిసారీ నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గరే తెగుతుంటే మాత్రం ఇది పనిచేయకపోవచ్చు. అక్కడ గాడి గరుకుగా ఉండి ఉండొచ్చు, ముందు దాన్ని నున్నగా చేయించాలి.