ఒక కాలు సాగుతుంది, ఇంకో కాలు మొరాయిస్తుంది: క్రాస్ కంట్రీ స్కీయర్లకు సమస్య - పరిష్కారం

రెండు కాళ్ల బలం అచ్చం ఒకేలా ఎవరికీ ఉండదు. కొద్దిపాటి తేడాకు టెన్షన్ అక్కర్లేదు. అయితే దూరం పెరిగేకొద్దీ ఆ తేడా ఒకే మోకాలి మీదో, నడుములో ఒకే పక్కో భారంగా పడుతుంటే కారణం వెతకాల్సిందే. చాలామంది వెంటనే జిమ్‌కి పరిగెత్తుతారు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: తప్పు స్కీదా (కాలికి కట్టుకునే పొడవాటి పలక), అలవాటుదా, కండరానిదా?

సమస్య: స్కేటింగ్‌లో (స్కీలను పక్కకు తోస్తూ వెళ్లే పద్ధతి) కుడి కాలి మీద గ్లైడ్ (జారుడు) హాయిగా సాగుతుంది, ఎడమ కాలి మీదికి రాగానే తూలి వెంటనే కాలు మార్చేయాల్సి వస్తుంది.

ఎడమ స్కీ కుడికి, కుడి స్కీ ఎడమకి మార్చి అదే దారిలో వెళ్లి చూడండి. ఇబ్బంది కూడా కాలు మారితే దోషం స్కీదే. వ్యాక్స్ (స్కీ అడుగున రాసే మైనం), బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) చూడండి. రోలర్ స్కీలైతే (మంచు లేనప్పుడు రోడ్డు మీద వాడే చక్రాల స్కీలు) చక్రాల బేరింగులు చూడండి. ఇబ్బంది ఎడమ కాలినే పట్టుకుని ఉంటే అద్దం ముందు చెప్పులు లేకుండా ఆ కాలి మీదే నిలబడి, నెమ్మదిగా కొద్దిగా కూర్చోండి. మోకాలు లోపలికి వాలుతోందా? గాలిలో ఉన్న కాలి వైపు నడుము కిందికి దిగుతోందా? అలా అయితే నిలబడిన కాలి వైపు పిరుదు పక్క కండరం బలహీనంగా ఉండే అవకాశం ఎక్కువ. రబ్బరు బ్యాండ్ కట్టుకుని పక్కకు అడుగులు వేయడం, సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేయి మీద ఒళ్లు నిటారుగా ఆపడం), ఒంటికాలి డెడ్‌లిఫ్ట్ (ఒంటికాలిపై నిలబడి ముందుకు వంగి లేవడం) బాగా పనికొస్తాయి. మంచు మీద పోల్స్ (చేతికర్రలు) లేకుండా, ఒక్కో కాలి మీద వీలైనంత సేపు గ్లైడ్ చేయడం మాత్రం మానకండి. జిమ్‌లో వచ్చిన బలం స్కీ మీదికి చేరేది అక్కడే.

అద్దం ముందు అంతా బాగుంటే చీలమండ చూడండి. మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. పాదం గోడకు ఎంత దూరం జరిగేదాకా తాకుతోందో రెండు వైపులా కొలవండి. ఒకవైపు బాగా తక్కువైతే సమస్య బలానిది కాదు, బిగుతుది.

సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు ఎప్పుడూ ఒకే తొడ మండుతుంది.

ఇది ఎక్కువగా అలవాటే. ఎత్తు ఎక్కడానికి వాడే ఆఫ్‌సెట్ స్కేటింగ్‌లో రెండు పోల్స్ ఒకే వైపు అడుగుతో పడతాయి. ఆ వైపు మార్చకపోతే రెండు కాళ్లూ సీజన్ అంతా వేర్వేరు పనులు చేస్తాయి. లెక్క పెట్టుకుని వైపు మార్చండి, మొదట తేలిక ఎత్తుల్లో. (ఒకవైపు తోపు ఈ ఆటలో పాతదే. 1970ల్లో ఫిన్లాండ్ స్కీయర్ పౌలి సీటోనెన్ ఒక స్కీని ట్రాక్‌లో ఉంచి రెండోదానితో తోసేవాడు. అలాంటి స్కేటింగ్‌తోనే అమెరికన్ బిల్ కోచ్ 1982లో వరల్డ్ కప్ ఓవరాల్ (సీజన్ మొత్తం పాయింట్ల) టైటిల్ గెలిచాడు.)

సమస్య: క్లాసిక్‌లో (రెండు స్కీలనూ సమాంతరంగా నడిపే పద్ధతి) ఒక కాలితో తన్నినప్పుడే స్కీ వెనక్కి జారుతుంది.

స్కీ మధ్యలో విల్లులా వంగి ఉంటుంది. ఒంటి బరువంతా దాని మీద పడితేనే గ్రిప్ వ్యాక్స్ మంచుకి ఆనుతుంది. ఇక్కడా స్కీలు మార్చి చూశాక, ఆ కాలి మీద బరువు పూర్తిగా వేస్తున్నారో లేదో గమనించండి. ఒంటికాలి స్టెప్-అప్ (ఒక కాలి బలంతో మెట్టు ఎక్కడం), పిక్క ఎత్తులు (మునివేళ్ల మీద లేవడం) చేయండి.

సమస్య: తొడ వెనక తరచూ పట్టేస్తుంది. ముందు కండరంతో పోలిస్తే వెనక కండరం వెనకబడి ఉండొచ్చు. బలం కొలిచే మెషిన్ మీద నెమ్మది వేగంతో కొలిస్తే వెనకదాని బలం ముందుదాని బలంలో సుమారు 60 శాతం ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇంట్లో అయితే ఒంటికాలి బ్రిడ్జి (వెల్లకిలా పడుకుని ఒక కాలి మీద నడుము ఎత్తడం) రెండు వైపులా ఎన్నిసార్లు వస్తుందో పోల్చండి. నార్డిక్ కర్ల్ (మోకాళ్ల మీద ఉండి, మడమలు ఎవరైనా పట్టుకోగా ఒళ్లు నెమ్మదిగా ముందుకు వాల్చడం) మంచిదే, కానీ కొద్దిగా మొదలుపెట్టండి. తొలి వారం నొప్పి బాగా ఉంటుంది.

తేడా అంకెల్లో కావాలంటే అలసట లేని రోజున ఒంటికాలిపై ముందుకు దూకి దూరం కొలవండి. తక్కువ దూరాన్ని ఎక్కువ దూరంతో భాగించి 100తో గుణించండి. 90కి తగ్గితే పట్టించుకోవాలి. పై వ్యాయామాలు బలహీన కాలితో మొదలుపెట్టి, అది ఎన్నిసార్లు చేయగలిగితే బలమైన కాలితోనూ అన్నే చేయండి. వారానికి రెండు రోజులు, 6 నుంచి 8 వారాలు చేసి మళ్లీ కొలవండి.

మోకాలు వాచినా, ఉన్నట్టుండి పట్టు తప్పినా, కాలు తిమ్మిరెక్కినా ఇవన్నీ ఆపి డాక్టర్‌కు చూపించండి. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్లు ఈ దూకే పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దు. తుంటి, చీలమండ సాయంతో దూరం బాగానే వస్తుంది, తొడ ముందు కండరం మాత్రం ఇంకా వెనకబడే ఉండొచ్చు.