పిల్లలకు కథ చెప్పండి, బూచోణ్ణి పిలవకండి

ఉదయగిరిలో ఇరవై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. రాక్షసుల కథలు చెబితే పిల్లలు నిజమనుకుని జడుసుకుంటారేమోనని ఇప్పటి తల్లులకు టెన్షన్. నన్ను అడుగుతుంటారు కాబట్టి నా పద్ధతి రాస్తున్నాను.

'అనగనగా' అనకుండా కథ ఎత్తుకోవద్దు. ఇక్కణ్ణించి చేపలు మాట్లాడొచ్చు, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉండొచ్చు అని పిల్లలకు ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. చివర 'కథ కంచికి, మనం ఇంటికి' అని వాళ్లచేతే గట్టిగా అనిపించండి. మధ్యలో నిద్రపోతే మర్నాడైనా సరే, మిగతాది చెప్పి కంచికి పంపాల్సిందే. "కంచికి ఏ బస్సులో పోద్ది టీచరమ్మా?" అని ఒక పిల్ల అడిగింది. నెల్లూరు పోయి మద్రాసు బస్సెక్కుద్ది అన్నాను. సరేనంది.

మూడేళ్ల వాళ్లకు ఏడు చేపల కథ చాలు. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది, అదెందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు, అట్లా చీమ దాకా పోవాలి. ఒక్కో 'ఎందుకు' దగ్గర ఆగి, జవాబు వాళ్లను చెప్పనివ్వండి. తప్పు చెప్పినా దిద్దకండి. ఎండుచేపలు మా పిల్లలు సంతలో చూసినవే. ఒకడు నన్ను నిలదీశాడు: "చేప చచ్చిపోయిందిగా, ఇంకెట్టా మాట్లాడింది?" చేప మాట్లాడటం మీద వాడికి పేచీ లేదు, చచ్చిన చేప మాట్లాడటమే వాడికి కుదరలేదు. ఏది ఎంతవరకు నమ్మాలో ఆ వయసుకే వాళ్లకో లెక్క ఉంటుంది.

రాక్షసుణ్ణి మీరు వర్ణించకండి. "ఎంత పొడుగుంటాడు?" అని అడిగి ఊరుకోండి. సెల్ టవరంత అన్నాడొకడు. చెక్క గరిటెలు చేసే వాళ్లింటి పిల్ల, "వాడి గరిటెకు చింతచెట్టంతా కావాలి, మా అమ్మ ఒక్కతే చెక్కలేదు" అంది. ఫోన్లో బొమ్మ చూపిస్తే రాక్షసుడు అందరికీ ఒకటే అయిపోతాడు. నాకు ఆ వీడియోలంటే చిరాకు, దాచుకోను. కథయ్యాక పలక ఇచ్చి గీయమనండి.

"ఇది నిజమేనా?" అని అడిగితే గబుక్కున జవాబివ్వకండి. ముందు "నువ్వేమనుకుంటున్నావు?" అనండి. అయిదారేళ్ల వాళ్లయితే విడదీసి చెప్పొచ్చు. మా దుర్గం కనిపిస్తూనే ఉంటుంది కదా, రాక్షసుడు అక్కడే ఉంటాడా అంటారు. కొండ మీద కోట నిజం, శ్రీకృష్ణదేవరాయలు నిజం, 1514లో గజపతుల నుంచి కోటను గెలవడం నిజం, రాక్షసుడు మాత్రం మన కథలోవాడు అని చెప్పేదాన్ని.

ఇక అసలు సంగతి. "తినకపోతే బూచోడొస్తాడు" అంటాం చూశారా, అది కథ కాదు. దానికి అనగనగా లేదు, కంచికి పోవడమూ లేదు. నమ్మకమైన మనిషి చెప్పిన కబురు కాబట్టి పిల్లవాడు అలాగే తీసుకుంటాడు. ఊహ ఎంత గట్టిదో తెలియాలంటే, మా అమ్మాయి చదివి వినిపించిన సంగతొకటి చెబుతా. ఇంగ్లండులో పాల్ హారిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటివాళ్లతో కలిసి చేసిన పరిశోధన 1991లో అచ్చయింది. నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు ఖాళీ పెట్టె చూపించి, లోపల ఒక రాక్షసుడో కుందేలో ఉన్నట్టు అనుకోమన్నారు. ఏమీ లేదని పిల్లలకు తెలుసు. అయినా ఆ పరీక్ష చేస్తున్న పెద్దవాళ్లు గదిలోంచి బయటికి వెళ్తామంటే, పెట్టెలో రాక్షసుడున్నట్టు అనుకున్న పిల్లల్లో కొందరు వెళ్లనివ్వలేదట. తెలిసే అంత భయమైతే, మనం నిజమని చెబితే ఇంకెంతుంటుంది?

ఈ తప్పు నేనూ చేశాను. సెంటర్ పక్కన బావి దగ్గరికి పోతున్నాడని ఒక పిల్లాడితో, "అందులో దెయ్యముంది, లాక్కుపోద్ది" అన్నాను. "పడితే మునిగిపోతావు, నాన్నా" అంటే సరిపోయేది. వాడు బావి వైపు పోవడం మానేశాడు, దాంతోపాటు సెంటర్లో నీళ్లు తాగడమూ మానేశాడు. నాలుగో రోజు వాళ్లమ్మ వచ్చి అడిగితేగానీ నాకు అర్థం కాలేదు. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నేను అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. తర్వాత "అనగనగా ఒక బావిలో ఒక దెయ్యం" అని మొదలుపెట్టి, ఇద్దరం కలిసి దాన్ని కంచికి పంపాం. ఆ మధ్యాహ్నం నీళ్లు తాగాడు. కాకపోతే గ్లాసులోకి ఒకసారి తొంగిచూసుకుని మరీ తాగాడు.