అయస్కాంత పాఠాలు – 4: అతుక్కున్నదల్లా అయస్కాంతం కాదు

గత పాఠంలో కుట్టుసూదిని అయస్కాంతంగా మార్చే అభ్యాసం ఇచ్చాను. కావలి, కందుకూరు, ఒంగోలు పాఠకుల జవాబులు చాలావరకు ఒకే తీరుగా ఉన్నాయి: సూదిని రుద్దాము, అది అయస్కాంతానికి అతుక్కుంది, కనుక అదీ అయస్కాంతమే. ఈ రుజువు చెల్లదు, ఎందుకంటే రుద్దని సూది కూడా అలాగే అతుక్కుంటుంది. విద్యుదయస్కాంతాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేసి, ముందు దీన్ని తేల్చుకుందాము.

అయస్కాంతపు ఉత్తర ధ్రువాన్ని మామూలు ఇనుము దగ్గరికి తెస్తే, ఇనుములో దానికి ఎదురుగా ఉన్న కొస తాత్కాలికంగా దక్షిణ ధ్రువమవుతుంది. దక్షిణ ధ్రువాన్ని తెస్తే అదే కొస ఉత్తర ధ్రువమవుతుంది. ఏ వైపు తెచ్చినా విజాతి ధ్రువాలే ఎదురుపడతాయి కాబట్టి ఆకర్షణ తప్ప మరొకటి కనిపించదు. ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల ఇనుప రాతిలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంది. ఆ రాతి పొడి అయస్కాంతానికి అంటుకుంటుంది, అయినా అంటుకున్నంత మాత్రాన ఆ రాయి సూదంటురాయి, అంటే సహజ అయస్కాంతం, అయిపోదు. మన చేతిలోని అయస్కాంతపు ఒకే ధ్రువం వస్తువు ఒక కొసను ఆకర్షించి, రెండో కొసను వికర్షించినప్పుడే, అంటే దూరంగా నెట్టినప్పుడే, ఆ వస్తువు అయస్కాంతమని నమ్మాలి.

ఇక్కడే మరొక ఉచ్చు ఉంది, నన్ను ఎక్కువగా బాధించేదీ ఇదే. పాత స్పీకర్ నుంచి తీసిన బలమైన అయస్కాంతాన్ని సూదికి ఆనించేంత దగ్గరికి తెస్తే, సూదిలోని బలహీన ధ్రువం తారుమారై, వికర్షించవలసిన కొస కూడా ఆకర్షణకు లోనవుతుంది. పరీక్షించబోయి సూదినే పాడుచేసుకున్నవారు మీలో చాలామంది ఉన్నారు. దూరం నుంచి నెమ్మదిగా తెండి. సూది కదలడం మొదలవగానే ఆగండి. నేనైతే రెండు సూదులను ఒకే తీరుగా రుద్ది, ఒకదానితో మరొకదాన్ని పరీక్షిస్తాను.

మనిషిలోని ఆకర్షణ కూడా ఇదే శక్తి కాదా అని కొందరు అడిగారు. కాదు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక నిరసనలో టంగుటూరి ప్రకాశం పంతులు తుపాకులకు రొమ్ము చూపి నిలబడ్డారు. ఆయన వెంట జనాన్ని నడిపించినది ధైర్యమూ త్యాగమూ. ఆ ఆకర్షణకు జనం చేరడమే రుజువు, సూదికి మాత్రం ఆ రుజువు చాలదు.

రుద్దే పద్ధతి మీకు తెలిసినదే: ఒకే ధ్రువంతో, ఒకే దిశలో, ప్రతిసారీ పైకెత్తి మళ్ళీ మొదటి నుంచి. ఉత్తర ధ్రువంతో రుద్దితే చివర తాకిన కొస దక్షిణ ధ్రువమవుతుంది. సూదిని థర్మోకోల్ ముక్కపై ఉంచి నీటిలో తేల్చేటప్పుడు స్టీలు పళ్ళెం వద్దు, పింగాణీది వాడండి, ఫ్యాను ఆపండి.

అభ్యాసం: ఒకే రకమైన రెండు సూదులలో ఒకదాన్నే అయస్కాంతంగా మార్చి, రెండింటినీ కలిపేయమని ఇంట్లో ఒకరికి చెప్పండి. నీరు, దారం, మూడో వస్తువు ఏదీ లేకుండా, ఆ రెండింటితోనే అయస్కాంతం ఏదో తేల్చండి. అయస్కాంతపు నడిమి భాగంలో ఆకర్షణ దాదాపు ఉండదన్నదే మీకున్న ఆధారం. ఏ సూది కొసను దేని నడుముకు తాకించారో, ఏమి జరిగిందో బొమ్మ గీసి పంపండి.