మాగ్నమ్ రైఫిల్ తన్నును తగ్గించుకోవడం

మాగ్నమ్ రైఫిల్ (ఎక్కువ శక్తి గల తూటాలు కాల్చేది) పేలినప్పుడు వెనక్కి కొట్టే దెబ్బే తన్ను. దానివల్ల వచ్చే భుజం నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది. ట్రిగర్ నొక్కేటప్పుడు కన్ను మూసుకునే అలవాటు మాత్రం అంత తేలిగ్గా వదలదు. అందుకే తన్ను సంగతి ముందే చూసుకోవాలి.

మొదట బరువు. తూటా అదే ఉండి, రైఫిల్ 3.5 కిలోల నుంచి 4 కిలోలకు పెరిగితే తన్ను శక్తి సుమారు 12 శాతం తగ్గుతుంది.

తర్వాత స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) చివర బిగించే మెత్తటి రబ్బరు ప్యాడ్. రైఫిల్ ఖాళీగా ఉందని ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి మరీ చూసుకోండి. ప్యాడ్ ఎంత మందమో స్టాక్ అంత పొడవవుతుంది. అది చేతికి ఎక్కువైతే ఆ మేరకు చెక్క కోయించాలి. స్క్రూలు ప్యాడ్ వెనకవైపు చిన్న చీలికల్లోంచి దిగుతాయి. స్క్రూడ్రైవర్ కడ్డీకి సబ్బునీళ్లు రాయకపోతే రబ్బరు చిరుగుతుంది. కొత్త ప్యాడ్‌తో కంటికీ స్కోప్‌కీ (గురి చూసే దుర్భిణికి) మధ్య దూరం మారుతుంది, మళ్లీ సరిచూడండి; కంటికి మరీ దగ్గరైతే కనుబొమ చీరుకుంటుంది.

మజిల్ బ్రేక్ (గొట్టం కొసన బిగించి, పేలుడు వాయువును పక్కలకు మళ్లించేది) అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, కానీ చప్పుడు భరించలేం. చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ తప్పనిసరి.

180 గ్రెయిన్ల (తూటా బరువు కొలిచే ప్రమాణం) బదులు ఫ్యాక్టరీ 150 గ్రెయిన్ల తూటా వాడినా తన్ను తగ్గుతుంది. అది వేరేచోట తగులుతుంది కాబట్టి 100 మీటర్ల దగ్గర జీరో (గురి పెట్టినచోటే తూటా తగిలేలా స్కోప్ సర్దడం) మళ్లీ చేసుకోవాలి.