ఆచూకీ పాఠాలు - 3: పేరు, నంబరు, చివరి కబురు

విదేశంలో విపత్తు వచ్చి అక్కడున్న మనవాళ్ల ఫోన్ కలవనప్పుడు ఏం చేయాలో పోయిన పాఠంలో చూశాం. ఇంట్లో ఒక్కరే ఫోన్ చేయాలి. కాల్ పోకపోతే ఎస్సెమ్మెస్ పెట్టాలి. వాట్సాప్‌లో ఒక్క టిక్కే పడిందంటే మన కబురు వాళ్ల ఫోన్‌కు ఇంకా చేరలేదని మాత్రమే అర్థం. చార్జింగ్ అయిపోయినా, టవర్ పడిపోయినా అదే ఒక్క టిక్కు. ఇవన్నీ చేశాక కూడా జాడ లేకపోతే ఎంబసీనో రెడ్‌క్రాస్‌నో అడగాలి. అడిగే ముందు ఇంట్లో ఒక కాగితం తయారు కావాలి. దాన్ని ఎలా రాయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

ముందు పేరు. ఆచూకీ ఆలస్యం కావడానికి పెద్ద కారణం ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఆస్పత్రి జాబితాలోనైనా, శిబిరం రిజిస్టరులోనైనా మనిషిని పేరు పట్టుకునే వెతుకుతారు. ఆ పేరు ఇంట్లో పిలిచే పేరు కాదు, పాస్‌పోర్టులో ఉన్న పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఇంకో గడి ఉంటాయి. ఏ గడిలో ఏముందో అక్షరం అక్షరం చూసి రాసుకోండి. మన కడప వైపు షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి చాలామందికి ఇంటిపేరు గడిలోనే ఉంటాయి. ఒట్టి 'షేక్ బాషా' అని చెబితే కువైట్‌లో అదే పేరున్నవాళ్లు ఎందరో ఉంటారు. తండ్రి పేరు కూడా చేర్చాల్సిందే. గల్ఫ్‌లో మనిషిని తండ్రి పేరుతో కలిపి గుర్తించడం మామూలు.

ఆ తర్వాత స్పెల్లింగు. 'షేక్'ను మన పాస్‌పోర్టుల్లో ఎక్కువగా ఎస్, హెచ్, ఎ, ఐ, కె అని రాస్తారు. అరబ్బీలోంచి ఇంగ్లీషులోకి ఎత్తి రాసేవాళ్లు ఎస్, హెచ్, ఇ, ఐ, కె, హెచ్ అని రాయవచ్చు. అరబ్బీ లిపిలో మన 'ప', 'చ' శబ్దాలకు సొంత అక్షరాలు లేవు. పఠాన్ 'బతాన్' అవుతాడు. పెంచలయ్య 'బెన్‌శలయ్య'లాంటి రూపంలో తేలవచ్చు. జపాన్ జాబితాలో 'ల' కాస్తా 'ర' అవుతుంది, లక్ష్మిని 'రకుషుమి' అని రాసుకుంటారు. అందుకని కాగితం మీద మొదటి వరుసలో పాస్‌పోర్టు పేరు, రెండో వరుసలో పిలిచే పేరు, మూడో వరుసలో ఆ దేశంలో మారే అవకాశమున్న రెండు మూడు రూపాలు రాయండి. అర్జీలో పెట్టేది మొదటి వరుస ఒక్కటే. మిగతా రెండూ జాబితాలు వెతికేటప్పుడు మీకు పనికొస్తాయి.

రెండోది నంబరు. మన పాస్‌పోర్టు నంబరులో ముందు ఒక అక్షరం, తర్వాత ఏడంకెలు ఉంటాయి. అంతకంటే ఎక్కువ తక్కువలుంటే ఎక్కడో తప్పు రాసుకున్నట్టే. కువైట్ బతాకా (గుర్తింపు కార్డు) మీద సివిల్ ఐడీకి పన్నెండంకెలు. ఇది సరైందో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు: మొదటి అంకె శతాబ్దం, 1900ల్లో పుట్టినవాళ్లకు 2, 2000 నుంచి పుట్టినవాళ్లకు 3. ఆ తర్వాతి ఆరంకెలు పుట్టిన ఏడాది, నెల, రోజు. 1988 ఆగస్టు 15న పుట్టిన మనిషి నంబరు 2880815తో మొదలవ్వాలి. మొదలవ్వకపోతే అది వేరేవాళ్ల బతాకా, లేదా పాస్‌పోర్టులో పుట్టిన తేదీ వేరే ఉంది. ఎమిరేట్స్ ఐడీకి పదిహేనంకెలు. ముందు 784, వెంటనే పుట్టిన సంవత్సరం ఉంటుంది.

పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్లో దొరకకపోతే కంగారు పడొద్దు. పాత టికెట్టు, వీసా కాపీ, ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫైళ్లు, కూలి పనికి పోయినవాళ్లయితే ప్రవాసీ భారతీయ బీమా పాలసీ కాగితం వెతకండి. వీటిలో ఏదో ఒకదాని మీద నంబరు ఉండొచ్చు. ఒంటిమీది గుర్తుల కోసం పదో తరగతి సర్టిఫికెట్టు తీయండి. పుట్టుమచ్చల వివరం అందులో రాసి ఉంటుంది.

నేపాల్ సంగతి వేరు. ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రకు పోయేవాళ్లు గోరఖ్‌పూర్ దాకా రైల్లో పోయి, సునౌలీ దగ్గర బస్సులో సరిహద్దు దాటుతారు. మనవాళ్లకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు, పాస్‌పోర్టు మీద ముద్ర కూడా పడకపోవచ్చు. అంటే మనిషి దేశంలోకి వచ్చినట్టు అక్కడ ఏ రికార్డూ లేకపోవచ్చు. అప్పుడు పాస్‌పోర్టు కన్నా బస్సు నంబరు, డ్రైవరు ఫోను, యాత్ర నడిపేవాళ్ల దగ్గరున్న ప్రయాణికుల పట్టీ ముఖ్యం. పేరు కూడా ఓటరు కార్డులో ఉన్నట్టే రాయాలి. ఇంకో మాట: అక్కడి ఆస్పత్రి చీటీల మీద తేదీలు విక్రమ సంవత్సరంలో ఉంటాయి. 2015 ఏప్రిల్ 25 అక్కడి లెక్కలో 2072 బైశాఖ 12. థాయ్‌లాండ్‌లో బౌద్ధ సంవత్సరం వేస్తారు, అందులోంచి 543 తీసేస్తే మన లెక్క వస్తుంది.

మూడోది చివరి కబురు. కాగితాన్ని మూడు నిలువు గడులుగా గీసి పైన 'చూసింది', 'విన్నది', 'అనుకున్నది' అని రాయండి. మీ ఫోన్లో ఉన్న మెసేజీ, ఫోటో, డబ్బు పంపిన రసీదు మొదటి గడిలోకి పోతాయి. 'పక్క రూములో ఉండే రాజంపేట అబ్బాయి చూశాడంట' అన్నది రెండో గడిలోకి. 'ఆ రోజు ఆదివారం కదా, రూములోనే ఉండుంటాడు' అన్నది మూడో గడిలోకి. మూడో గడిలోని మాట నోటినోటికీ మారి మొదటి గడిలోకి ఎక్కితే వెతికేవాళ్లు తప్పు చోటికి పోతారు. ఈ మూడింటిని కలవనివ్వకండి.

ప్రతి కబురు పక్కనా టైము రాయాలి, మన టైమూ అక్కడి టైమూ రెండూ. నేపాల్ మనకంటే 15 నిమిషాలు ముందు. 2015 భూకంపం అక్కడి గడియారంలో 11:56కు, మన గడియారంలో 11:41కి వచ్చింది. మీ ఫోన్లో 11:50కి పంపినట్టు మెసేజీ కనిపిస్తే అది భూకంపం తర్వాత పంపిందే, మనిషి బతికున్నట్టు సాక్ష్యం. దాన్ని నేపాల్ టైమనుకుంటే 'ముందు పంపింది' అని తలకిందులవుతుంది. తుర్కియే మనకంటే రెండున్నర గంటలు వెనక. 2023 ఫిబ్రవరి 6న అక్కడ తెల్లవారుజామున 4:17కు ఒకటి, మధ్యాహ్నం 1:24కు ఇంకొకటి, రెండు పెద్ద భూకంపాలు వచ్చాయి. మన టైములో అవి ఉదయం 6:47, మధ్యాహ్నం 3:54. ఉదయం తొమ్మిదికి 'బాగున్నా' అని వచ్చినా రెండోదాని తర్వాత మళ్లీ కనుక్కోవాల్సిందే.

తుర్కియే పేరు ఎత్తడానికి కారణముంది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఖాదిం వీసా మీద కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్లను కఫీల్ (వీసా ఇప్పించి పనిలో పెట్టుకున్న యజమాని) కుటుంబం సెలవులకు వేరే దేశం తీసుకుపోతుంటుంది. పాస్‌పోర్టు కఫీల్ చేతిలోనే ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు కువైట్‌లోని మన ఎంబసీకే ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. ఇలాంటప్పుడు అర్జీ రెండు చోట్ల పడాలి. మనిషి ఇప్పుడున్న దేశంలోని మన ఎంబసీ ఒకటి, కఫీల్‌ను పట్టుకోవడానికి కువైట్‌లోని మన ఎంబసీ రెండోది. కఫీల్ పేరు, ఫోను, ఇంటి 'కత్తా' (బ్లాకు) నంబరు, వీధి నంబరు కాగితంలో ఉండాలి.

ఇక ఎవరికివ్వాలి? విపత్తు వచ్చినప్పుడు అక్కడి మన ఎంబసీ కంట్రోల్ రూమ్ నంబర్లు తన వెబ్‌సైటులో పెడుతుంది. నంబరు అక్కడినుంచే తీసుకోండి, వాట్సాప్‌లో తిరిగేది నమ్మొద్దు. కొన్ని దేశాల్లో మన ఎంబసీతో పాటు కాన్సులేటు కూడా ఉంటుంది, ఏ ప్రాంతం ఎవరిదో చూసుకోవాలి. దుబాయ్, షార్జా దుబాయ్ కాన్సులేటు కిందికి, అబుదాబి, అల్ ఐన్ అబుదాబి ఎంబసీ కిందికి వస్తాయి. మెయిల్ పెడితే సబ్జెక్టులోనే పాస్‌పోర్టు పేరు, నంబరు, చివరిగా ఉన్న ఊరు రాయండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చేసి, వచ్చిన నంబరును కాగితం మీద ఎక్కించండి. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీకీ, మీ జిల్లా కలెక్టరేటుకూ ఇదే కాగితం నకలు ఇవ్వండి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. జిల్లా రెడ్‌క్రాస్ దారి కూడా అక్కడే తెలుస్తుంది. రెడ్‌క్రాస్ వెతుకులాట నెమ్మదిగా సాగుతుంది, పైగా దొరికిన మనిషి ఒప్పుకుంటేనే అడ్రసు చెబుతారు. అయినా ఫోన్లూ ఫేస్‌బుక్కూ లేని చోటికి చేరగలిగేది వాళ్లే.

అన్నిచోట్లా ఒకే స్పెల్లింగు, ఒకే ఫోన్ నంబరు ఉండాలి. మామ ఒకలా, బావమరిది ఒకలా, ఏజెంటు ఇంకోలా నమోదు చేస్తే జాబితాలో ముగ్గురు మనుషులు తయారవుతారు. ఒకరు దొరికినా మిగతా 'ఇద్దరి' కోసం అక్కడ వెతుకుతూనే ఉంటారు. ఆ వెతుకులాట ఇంకొకరి బిడ్డకు అందాల్సింది. మనిషి మాట్లాడిన రోజే, నమోదు చేసిన ప్రతి చోటా 'దొరికారు' అని రాయించడం కూడా ఈ పనిలో భాగమే.

పాస్‌పోర్టు ఫోటో మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. మొహం స్పష్టంగా ఉన్న మామూలు ఫోటో, ఇంట్లో ఒక్కరి నంబరు చాలు. ఆ పోస్టు చూసి 'మీవాడు ఆస్పత్రిలో ఉన్నాడు, ఆపరేషన్‌కు డబ్బు పంపండి' అనేవాళ్లు వస్తారు. పోస్టులో లేని, ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక్క ప్రశ్న ముందే అనుకుని పెట్టుకోండి: మేనత్త పేరో, చిన్నప్పుడు చదివిన బడి పేరో. జవాబు రాకపోతే పైసా పంపొద్దు. ఎంబసీ ఎవరి సొంత నంబరుకూ ఫోన్‌పే చేయమని అడగదు.

ఈ వారం అభ్యాసం: ఇప్పుడు విదేశంలో క్షేమంగా ఉన్న మీ ఇంటి మనిషికి ఈ కాగితం రాయండి. రాసింది వాళ్లకు ఫోటో తీసి పంపి, ఎన్ని తప్పులున్నాయో వాళ్లనే దిద్దమనండి. కఫీల్ ఫోను, రూము అడ్రసు దగ్గర ఖాళీ ఉంటే ఇప్పుడే అడిగి నింపండి. వచ్చే పాఠంలో ఆస్పత్రి జాబితాలు, శిబిరం జాబితాలు ఎలా చదవాలో చూద్దాం. ఈ కాగితం చేతిలో లేకుండా ఆ పాఠం సాగదు.