సముద్రగర్భ డైవర్ల పని పరిస్థితులను మదింపు చేసే విధానం

చమురు, వాయువు క్షేత్రాల్లో పనిచేసే డైవర్ల క్షేమాన్ని అంచనా వేయదలచినవారు ముందుగా వారు ఏ పద్ధతిలో నీటిలోకి దిగుతున్నారో తెలుసుకోవాలి. గాలి పీలుస్తూ చేసే డైవింగ్ సాధారణంగా 50 మీటర్ల లోతుకు పరిమితం. అంతకు మించిన లోతుల్లో హీలియం కలిపిన వాయువు పీలుస్తూ, రోజుల తరబడి పీడనంలోనే ఉండే సాచురేషన్ పద్ధతి పాటిస్తారు. డైవర్లు ఓడ మీద, పనిచేసే లోతులోని పీడనంతో నింపిన గదుల్లోనే, ఒక్కోసారి 28 రోజుల దాకా నివసిస్తూ, బెల్‌లో (నీటిలోకి దించే పీడన పేటికలో) పనిచోటికి వెళ్లి వస్తుంటారు. అందువల్ల వారి నిద్ర, భోజనం, ఏకాంతం కూడా పని పరిస్థితులుగానే పరిశీలించాలి.

బెల్ గదిని వీడిన క్షణం నుంచి తిరిగి అమరే వరకు 8 గంటలు మించరాదన్నది పరిశ్రమలో పాటించే నియమం. ఓడ రికార్డుల్లోని వేళలను డైవర్ల సొంత లాగ్‌బుక్కులతో సరిచూడాలి. హీలియం శరీరపు వేడిని గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది కనుక గది ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గినా నిద్ర చెడుతుంది. అందుకే వెచ్చగా ఉంచే ఆ తేమ గదుల్లో చెవి ఇన్ఫెక్షన్లు సులభంగా వ్యాపిస్తాయి. ఈ రెండింటి నమోదులూ అడిగి చూడాలి. భుజం, తుంటి ఎముకలు క్షీణించే జబ్బు మొదట్లో నొప్పి లేకుండానే ముదరవచ్చు, కాబట్టి ఎం.ఆర్.ఐ. పరీక్షలు జరుగుతున్నాయో లేదో విచారించాలి.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది సంభాషణ. గదిలో మాట్లాడే మాట కంట్రోల్ రూమ్‌కు వినిపిస్తుంది. పైగా హీలియం గొంతును మార్చేస్తుంది. కనుక డైవర్ బయటికి వచ్చి, విశ్రాంతి తీసుకున్న తరువాత, సూపర్‌వైజర్ లేనిచోట ఒంటరిగా మాట్లాడాలి. "ఇబ్బందులున్నాయా?" అని అడిగితే లేవనే చెబుతారు, ఎందుకంటే నొప్పి ఉందని చెబితే రోజుకూలీ పోతుంది, మరుసటి కాంట్రాక్టూ అనుమానమే. "కిందటిసారి చెవి నొప్పి వచ్చినప్పుడు ఎవరికి చెప్పారు, ఎన్ని గంటలకు వైద్య సలహా అందింది?" అని అడగాలి. ఒక్క ఫిర్యాదూ లేని రికార్డు కనిపిస్తే అక్కడే మరింత లోతుగా విచారించడం మంచిదని నా అభిప్రాయం.

150 మీటర్ల లోతు పీడనం నుంచి మామూలు పీడనానికి నెమ్మదిగా రావడానికి (డీకంప్రెషన్‌కు) సుమారు 5, 6 రోజులు పడుతుంది. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా డైవర్ వెంటనే బయటపడలేడు. అలాంటి కబురు ఎవరు, ఎలా చెబుతారో ముందే నిర్ణయించారా అన్నది తప్పక అడగాలి. పీడనాన్ని ఎంత వేగంగా తగ్గించాలో చెప్పే డీకంప్రెషన్ పట్టికల్లో ఏది వాడుతున్నారో, దాని గురించి డైవర్‌కు ఏం చెప్పారో కూడా తెలుసుకోవాలి: నార్వే ప్రభుత్వం ఉత్తర సముద్ర డైవర్లకు ఆ పట్టికల ప్రమాదాల గురించి తగిన సమాచారం అందేలా చూడలేదని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2013లో తీర్పునిచ్చింది.

బృందాలు చిన్నవి కనుక పేరు తీసేసినా, హోదాను, తేదీని బట్టి మనిషి తెలిసిపోతాడు. నివేదికలో ఆ వివరాలను కలిపివేసి, యాజమాన్యానికి పంపేముందు డైవర్లకే చదివి వినిపించాలి.